డబ్ల్యూ124 బెంజ్: 15 అంగుళాల్లోనే ఉండాలా, 16, 17కి వెళ్లొచ్చా?

#1 బందరురోడ్డు

అందరికీ నమస్కారం. బండి 1996 ఈ220 పెట్రోలు, పుణెలో తయారైన డబ్ల్యూ124. కంపెనీ 15 అంగుళాల అలాయ్‌లు, 195/65 ఆర్15 టైర్లు (వెడల్పు 195 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు). ట్రెడ్ ఉంది కానీ సైడ్‌వాల్ నెర్రెలిచ్చింది, డాట్ కోడ్ చివర 2316 అని ఉంది. అంటే 2016లో 23వ వారం సరుకు. స్టెప్నీతో సహా అన్నీ మార్చాల్సిందే.

ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా అని మూడు దారులు చూస్తున్నాను. ఉన్న రిమ్‌లకే 195/65 వేయడం ఒకటి. డబ్ల్యూ203 సి-క్లాస్ తాలూకు 16 అంగుళాల కంపెనీ రిమ్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి, వాటికి 205/55 వేయడం రెండోది. షాపువాళ్లు చూపిస్తున్న బయటి కంపెనీ 17 అంగుళాలవి (7.5జె, అంటే రిమ్ వెడల్పు 7.5 అంగుళాలు, ఈటీ35) 225/45 టైర్లతో మూడోది. స్ప్రింగులు ఒరిజినల్ ఎత్తులోనే ఉన్నాయి, దించే ఆలోచన లేదు. బెజవాడ–హైదరాబాద్ హైవే ఎక్కువ, ఊళ్లో గతుకులు మామూలే. ఏది ఎక్కడ తగులుతుందో లెక్కతో చెప్పండి.

#2 నాచారం_లేత్

రిమ్ కొనేటప్పుడు ముందు అందం కాదు, వెనక్కి తిప్పి జాతకం చూడాలి. డబ్ల్యూ124కి పీసీడీ (బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్యల మీదుగా గీసిన వలయం వ్యాసం) 5×112, సెంటర్ బోర్ (రిమ్ మధ్య రంధ్రం) 66.6 మి.మీ, బోల్టు ఎం12×1.5, బోల్టు సీటు (బోల్టు తల రిమ్‌లో ఆనే గుంత) గుండ్రటి బాల్ సీటు, ఆర్12, అంటే ఆ గుండ్రం వ్యాసార్ధం 12 మి.మీ. మీ 15 రిమ్ మీద 6½జె×15, ఈటీ49 అని పోతలోనే ఉంటుంది. కొన్నిటి మీద ఈటీ48 ఉంటుంది, ఆ ఒక్క మి.మీ. పట్టించుకోకండి.

ఈటీ అంటే రిమ్ వెడల్పుకి నడిమధ్య గీత నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటివైపు ఉందన్నది. ఈటీ తగ్గేకొద్దీ చక్రం బండి బయటికి జరుగుతుంది. రిమ్ వెడల్పులో సగానికి ఈటీ కలిపితే లోపలి అంచు దూరం, సగంలోంచి ఈటీ తీసేస్తే బయటి అంచు దూరం. మీ మూడింటికీ వేస్తే ఇలా వస్తుంది:

6.5జె ఈటీ49: లోపలికి 131.5, బయటికి 33.5
7జె ఈటీ37 (సి-క్లాస్ 16): లోపలికి 126, బయటికి 52
7.5జె ఈటీ35 (17): లోపలికి 130, బయటికి 60

లోపలి వైపు దేనికీ భయం లేదు. గొడవంతా మడ్‌గార్డ్ వైపే. అయితే ఇది రిమ్ అంచు లెక్క. నిజంగా తగిలేది టైరు భుజం కాబట్టి టైరు వెడల్పుతో ఇంకోసారి చూడాలి. ఈటీ37 మీద 205 టైరు ఇప్పటికంటే 17 మి.మీ. బయటికి వస్తుంది, లోపల 7 మి.మీ. ఖాళీ పెరుగుతుంది. ఈటీ35 మీద 225 టైరు 29 మి.మీ. బయటికి వస్తుంది, లోపల 1 మి.మీ. తగ్గుతుంది. ఈ 17కీ 29కీ మధ్యే మీ నిర్ణయం.

#3 టార్క్‌రెంచ్

లేత్ గారు వెడల్పు చెప్పారు, నేను ఎత్తు చెప్తాను. 195/65 ఆర్15 మొత్తం వ్యాసం 634.5 మి.మీ. (సైడ్‌వాల్ 126.75, అది రెండింతలు, రిమ్ 381). దీనికి దగ్గరగా ఉంటేనే స్పీడోమీటర్, గేర్ లెక్క, మడ్‌గార్డ్ ఖాళీ అన్నీ కంపెనీ అనుకున్నట్టు ఉంటాయి.

205/60 ఆర్15: 627, 1.2 శాతం తక్కువ
215/60 ఆర్15: 639, 0.7 ఎక్కువ
205/55 ఆర్16: 632, 0.4 తక్కువ
225/45 ఆర్17: 634, దాదాపు సమానం
225/40 ఆర్18: 637, 0.4 ఎక్కువ

కాగితం మీద 17, 18 కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, షాపువాడు చూపించేది కూడా ఇదే. చూపించనిది సైడ్‌వాల్. 195/65కి 127 మి.మీ. గోడ ఉంది. 205/55 ఆర్16కి 113, 225/45 ఆర్17కి 101, 225/40 ఆర్18కి 90. గుంతలో పడినప్పుడు రిమ్‌ని కాపాడేది ఆ గోడే. డబ్ల్యూ124 మెత్తదనంలో సగం ఆ గోడలో ఉందని గుర్తుపెట్టుకోండి. స్ప్రింగులు, బుష్‌లు, షాకబ్జర్లు అన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని కుదిర్చినవి.

లోడ్ ఇండెక్స్ 91 (ఒక్కో టైరుకి 615 కిలోలు) కంటే తగ్గకూడదు. స్పీడ్ రేటింగ్ హెచ్ (210) లేదా వి (240) తీసుకోండి.

#4 ఓఆర్‌ఆర్_120

భయ్యా, అందరూ 17ని అట్ల భయపెడ్తరు గానీ డబ్ల్యూ124 మీద 17 చాలా చోట్ల నడుస్తున్నది. 225/45 వేస్తే రింగ్ రోడ్డు మీద లేన్ మారేటప్పుడు ఒరిజినల్ టైరులెక్క ఊగదు, స్టీరింగ్ వెంటనే పలుకుతది. బ్రేకింగ్‌ల కూడా పట్టు ఎక్కువ. పైగా డబ్ల్యూ124లనే 500ఈ మోడల్‌కి కంపెనీవాళ్లే 16×8 ఈటీ34 రిమ్, 225/55 టైరు పెట్టిన్రు కదా. గది పడితే ఇది ఎందుకు పడదు?

#5 నాచారం_లేత్

500ఈని ఇందులోకి తేవద్దు. దాని మడ్‌గార్డ్‌లు ఈ220 మడ్‌గార్డ్‌లు కావు, ఉబ్బెత్తుగా వెడల్పు చేసినవి. 8జె ఈటీ34 వేస్తే రిమ్ బయటి అంచు 67.6 మి.మీ. దగ్గరుంటుంది. మామూలు డబ్ల్యూ124 కంటే 34 మి.మీ. ఎక్కువ. 225/55 ఆర్16 వ్యాసం కూడా 654, అంటే మూడు శాతం పెద్ద. ఆ సైజు మామూలు బాడీకి తగిలిస్తే వెనక మడ్‌గార్డ్ లోపలి మడత టైరు భుజాన్ని కోస్తుంది.

17 పడదని నేననలేదు. 7.5జె ఈటీ35, 225/45తో పట్టించొచ్చు. కానీ వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉన్నప్పుడు వెనక మడత దగ్గర ఎంత ఖాళీ మిగిలిందో కొలిచిన తర్వాతే. ముప్పై ఏళ్ల స్ప్రింగులు ఒక పక్క కుంగి ఉండటం మామూలు. కుడి ఎడమల హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. రెండు పక్కలా 10 మి.మీ. మించి తేడా ఉంటే ముందు స్ప్రింగు పైనున్న రబ్బరు ప్యాడ్ సంగతి చూడాలి. వాటి అంచున బొడిపెలుంటాయి. బొడిపెలు ఎన్ని ఎక్కువుంటే ప్యాడ్ అంత మందం. పాత మెకానిక్‌లు కుడికీ ఎడమకీ వేర్వేరువి పెట్టిన బండ్లు కనిపిస్తాయి.

#6 బందరురోడ్డు

బాగా అర్థమైంది. ఇంకో సందేహం. 15లోనే ఉంటే ఇన్నోవా సైజు 205/65 ఆర్15 ఏ షాపులోనైనా దొరుకుతుంది. అది వేయొచ్చా? అలాగే ఇన్నోవా అలాయ్‌లు, స్కోడా లారా అలాయ్‌లు పడతాయని మా దగ్గర షాపాయన అంటున్నాడు.

#7 టార్క్‌రెంచ్

టైరు గురించి: 205/65 ఆర్15 వ్యాసం 647.5, రెండు శాతం పెద్ద. మీటరు 100 చూపిస్తే బండి 102లో ఉంటుంది. అది ప్రాణం తీసే తేడా కాదు. ఈటీ49 రిమ్ మీదే కాబట్టి రెండు పక్కలా 5 మి.మీ. చొప్పున, పైకి 6.5 మి.మీ. పెరుగుతుంది. ఒరిజినల్ ఎత్తులో ఉన్న బండికి తగలకపోవచ్చు. కానీ ఇన్నోవా కోసం చేసే టైర్లలో ఎస్ (180) రేటింగ్‌వి దొరుకుతుంటాయి. బరువుకి గట్టి టైర్లు అవి, బెంజ్‌కి మొరటుగా ఉంటాయి. 195/65 ఆర్15 ఏమైనా అరుదైన సైజా? పాత ఆక్టావియాకి వచ్చింది అదే, ఎమ్మారెఫ్, అపోలో, మిషెలిన్ అన్నిట్లో ఉంది. దొరకదన్న మాట నమ్మకండి.

రిమ్‌ల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇన్నోవా పీసీడీ 5×114.3, బోర్ 60.1. మీ హబ్ 66.6. బోరే ఎక్కదు. బోరు లేత్‌లో పెద్దది చేసి తగిలించే ఘనులు ఉంటారు. అప్పుడు కూడా పీసీడీ 2.3 మి.మీ. తేడా, అంటే ఒక్కో బోల్టు 1.15 మి.మీ. పక్కకి లాగి బిగించాలి. బిగుస్తుంది, చేతికి టైట్‌గానే తెలుస్తుంది. కానీ బోల్టు తల సీట్లో ఒక పక్కనే ఆనుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ బోల్టు అటూ ఇటూ వంగుతుంది. కొన్నాళ్లకి వదులవుతుంది, లేదా మెడ దగ్గర తెగుతుంది.

లారా రిమ్ ఇంకా మోసం. పీసీడీ 5×112 సరిగ్గా సరిపోతుంది కాబట్టి పడుతుందనిపిస్తుంది. బోర్ 57.1, ఎక్కదు. వాళ్ల బోల్టు ఎం14, బాల్ సీటు ఆర్13. మీ ఎం12 ఆర్12 బోల్టు అందులో కూర్చోదు, తిరుగుతుంది. బెంజ్‌లోనే డబ్ల్యూ204 తరం (డబ్ల్యూ203 తర్వాతి సి-క్లాస్) రిమ్‌లు ఎం14 ఆర్14. అవీ వద్దు. డబ్ల్యూ203 దాకా ఎం12 ఆర్12 కాబట్టి మీరు చూసిన 16లు ఉన్న బోల్టుల జాతికే చెందుతాయి.

#8 నాచారం_లేత్

సీటు చూసుకునే పద్ధతి: బోల్టు తల కింద గుండ్రటి భాగం మీద మార్కర్ ఇంకు పూయండి. రిమ్‌లో పెట్టి చేత్తో బిగించి, పానాతో కొంచెం తిప్పి విప్పండి. ఇంకు ఒక వెడల్పాటి ఉంగరంలా చెరిగితే సీటు సరిపోయింది. సన్నటి గీతలా ఒక్కచోట చుట్టూ చెరిగితే బాల్ బోల్టు కోన్ సీట్లో కూర్చుందన్నమాట. బయటి కంపెనీ రిమ్‌లు చాలావరకు 60 డిగ్రీల కోన్ సీటువి. మీ 17 రిమ్‌లు అలాంటివైతే రిమ్‌తో పాటు కోన్ బోల్టులు 20 కొనాలి. సెంటర్ బోర్ పెద్దదైతే హబ్‌కీ రిమ్‌కీ మధ్య సందు పూడ్చే ఉంగరాలు కావాలి. ప్లాస్టిక్ ఉంగరాలు డిస్క్ వేడికి ముడుచుకుపోతాయి, అల్యూమినియంవి తీసుకోండి.

#9 సాగరతీరం_విశాఖ

సెకండ్‌హ్యాండ్ 16 రిమ్‌ల గురించి. సముద్రపు గాలి తగిలే ఊళ్ల నుంచి వచ్చినవైతే బయట పెయింటు మెరిసిపోతుంటుంది, లోపల టైరు కూర్చునే గాడిలో తెల్లటి పొడి. అల్యూమినియం ఆక్సైడ్ అది. కొత్త టైరు వేశాక వారానికి నాలుగైదు పీఎస్‌ఐ దిగిపోతుంది, పంచరు దొరకదు. టైరు విప్పించి ఆ గాడిని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, బీడ్ సీలర్ పూసి ఎక్కించాలి. వాల్వులు కూడా కొత్తవే.

రిమ్‌లకి పౌడర్ కోటింగ్ చేయిస్తే హబ్‌కి ఆనే ముఖం మీదా, బోల్టు సీట్లలోనూ రంగు పడకూడదు. షాపువాడు వాటికి మాస్కింగ్ పెట్టడం మర్చిపోతాడు. మందపాటి రంగు మీద బోల్టు బిగిస్తే రంగు నలిగి బిగింపు టార్క్ పడిపోతుంది.

వంగిన రిమ్‌ని గ్యాస్ మంట పెట్టి తీసే చోట్ల జాగ్రత్త. అలాయ్ రిమ్‌కి ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు, మంట పెడితే ఆ గట్టిదనం పోతుంది. అంచున చిన్న వంపు తీయించుకోవచ్చు. పుల్ల (స్పోక్) మొదలు దగ్గర పగులుంటే వెల్డింగ్ వద్దు, పారేయండి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పినప్పుడు రిమ్ అంచు ఎగిరేది 1 మి.మీ. లోపు ఉన్నవే తీసుకోండి. ఐదు కొనగలిగితే ఐదు కొనండి. స్టెప్నీ వేరే వ్యాసంలో ఉంటే డిఫరెన్షియల్ అదనంగా తిరగాల్సి వస్తుంది.

#10 టార్క్‌రెంచ్

స్టెప్నీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. స్టీల్ రిమ్ హబ్ దగ్గర పలచగా ఉంటుంది, అలాయ్ మందంగా. అందుకే అలాయ్ బోల్టులు పొడవు. అలాయ్ బోల్టుతో స్టీల్ స్టెప్నీ బిగిస్తే బోల్టు హబ్ దాటి లోపలికి పొడుచుకుపోతుంది. వెనక చక్రంలో డిస్క్ మధ్యనున్న చిన్న డ్రమ్ముని పార్కింగ్ బ్రేక్ షూలు వాడుకుంటాయి. పొడవు బోల్టు వాటికి తగులుతుంది. స్టీల్ స్టెప్నీ అయితే పొట్టి బోల్టులు ఐదు టూల్ కిట్‌లో ఉండాలి.

పొట్టి కూడా ప్రమాదమే. ఎం12×1.5 మర కనీసం 12 మి.మీ. పట్టాలి, అంటే ఎనిమిది పూర్తి చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. ఏడు చుట్లకే ఆగితే ఆ బోల్టు చాలదు. బిగించాక వెనక చక్రాన్ని పార్కింగ్ బ్రేక్ వదిలేసి చేత్తో తిప్పండి. కరకర వినిపిస్తే వెంటనే విప్పండి.

బోల్టు తల 17 మి.మీ., టార్క్ 110 న్యూటన్ మీటర్లు. న్యూమాటిక్ గన్‌తో బిగించనివ్వకండి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే, ఒకటి విడిచి ఒకటి చొప్పున నక్షత్రం వరసలో. మరల మీద, సీట్ల మీద గ్రీజు, ఆయిల్ వద్దు. అదే 110కి బోల్టు ఎక్కువ సాగుతుంది. హబ్ మధ్య పెదవి చుట్టూ మాత్రం పలచగా కాపర్ పేస్ట్ రాయండి, లేకపోతే అలాయ్ తుప్పు పట్టి హబ్‌కి అతుక్కుపోతుంది.

#11 ఓఆర్‌ఆర్_120

సరే, లెక్కలు ఒప్పుకుంటున్న. 17 పెడితే బండి తీరు మారుతది, గతుకుల్ల కొట్టుకుంటది, అది నిజమే. అయితే ఇంకో ముచ్చట. 17 పెట్టేటోళ్లు ఎక్స్‌ట్రా లోడ్ టైరు (లోడ్ ఇండెక్స్ 94) అని ధీమాగ ఉంటరు. 94 అంటే 670 కిలోలు కరెక్టే, కానీ అది 42 పీఎస్‌ఐ దగ్గర. మామూలు 91 టైరు 36 పీఎస్‌ఐకే 615 మోస్తది. అదే 36 దగ్గర 94 మోసేది 600 లోపే. గాలి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టాలె. గాలి పెంచితే కొట్టుకునుడు ఇంకా ఎక్కువైతది.

#12 బందరురోడ్డు

డబ్ల్యూ203 రిమ్‌ల వైపే మొగ్గుతున్నాను. కొనేముందు బండికి పెట్టి చూసుకోవడం ఎలా? ఒక రిమ్‌కి టైరు వేసి చూపించడానికి షాపాయన ఒప్పుకున్నాడు.

#13 నాచారం_లేత్

ముందు ఒక పక్క, వెనక ఒక పక్క పెట్టి చూడాలి. టూల్ కిట్‌లో గైడ్ పిన్ ఉండాలి, దాన్ని పై బోల్టు రంధ్రంలో బిగించి రిమ్ జారిస్తే సీటు మీద గీతలు పడవు.

ముందు చక్రం: టైరు లేకుండా వట్టి రిమ్ పెట్టి తిప్పండి. బ్రేకు క్యాలిపర్‌కీ రిమ్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. బ్యాలెన్సింగ్ సీసం అతికించేది లోపలే, దాని మందం కూడా కలుపుకోవాలి. టైరు పెట్టాక బండి దించి, నాలుగైదు సార్లు బానెట్ మీద నొక్కి వదిలి, స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పండి. చక్రం వెనక మడ్‌గార్డ్ లైనర్ దగ్గరా, ముందు బంపర్ మూల దగ్గరా వేలు దూరాలి. ఈటీ37తో స్ట్రట్ దగ్గర ఖాళీ పెరుగుతుంది కాబట్టి అక్కడ బెంగ లేదు.

వెనక చక్రం: మడ్‌గార్డ్ లోపలి మడత వెంట మాస్కింగ్ టేపు అతికించండి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి డిక్కీలో 50 కిలోలు వేసి, స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఏటవాలుగా ఎక్కించండి. టేపు మీద నల్లటి గీత పడితే తగిలినట్టే. 205/55 ఈటీ37తో పడకూడదు. పడితే తప్పు టైరుది కాదు, స్ప్రింగుదో షాకబ్జర్‌దో.

ఈటీ 12 మి.మీ. తగ్గినందుకు బ్రేకు కొట్టినప్పుడు స్టీరింగ్ కొంచెం లాగినట్టు అనిపించవచ్చు. అంతకుమించి లాగితే కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూడండి.

#14 సాగరతీరం_విశాఖ

పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది కదా, బండిని చూపించాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్పులు చేయొద్దంటుంది. మడ్‌గార్డ్ బయటికి పొడుచుకొచ్చిన టైరు కనిపిస్తే అక్కడే ఆపేస్తారు. పాత 15 సెట్‌ని అమ్మేయకుండా దాచుకోండి.

#15 బందరురోడ్డు

దాస్తాను. చివరిగా, ఇప్పుడు 90 దాటాక చిన్న వైబ్రేషన్ ఉంది. కొత్త టైర్లతో పోతుందా?

#16 టార్క్‌రెంచ్

ఎక్కడ తెలుస్తోందన్నది ముఖ్యం. స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాల బ్యాలెన్స్. సీటు కింద, ఫ్లోర్‌లో అయితే వెనక చక్రాలు కావచ్చు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజను శక్తిని వెనక్కి చేర్చే కడ్డీ) కావచ్చు. ఇది వెనక చక్రాలతో నడిచే (రియర్ వీల్ డ్రైవ్) బండి, రెండు ముక్కల షాఫ్ట్, ముందూ వెనకా రబ్బరు ఫ్లెక్స్ డిస్కులు, మధ్యలో సెంటర్ బేరింగ్. టైర్లు మార్చేముందు బండిని లిఫ్ట్ ఎక్కించి ఫ్లెక్స్ డిస్కుల బోల్టు రంధ్రాల మధ్య పగుళ్లున్నాయేమో చూడండి. ఉంటే కొత్త టైర్ల మీద వేసిన డబ్బు వైబ్రేషన్‌కి పనికిరాదు.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు నాలుగు చక్రాలదీ చేయమనండి, వెనకవి ముందు. వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి, రెండు రోజుల ముందే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. ముందు టో చూసేటప్పుడు టైర్ల మధ్య స్ప్రెడర్ బార్ పెట్టాలన్నది కంపెనీ పద్ధతి. బార్ లేని షాపులో వచ్చే రీడింగ్ మీద పూర్తిగా ఆధారపడొద్దు. వెనక టైరు లోపలి భుజం ముందే అరిగిపోతుంటే కారణం టోలోనో, కుంగిన స్ప్రింగులోనో ఉంటుంది, టైరు కంపెనీలో కాదు.

గాలి పెట్రోలు మూత వెనక స్టిక్కర్ చూసి కొట్టండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. స్టిక్కర్ బార్‌లలో ఉంటే 14.5తో గుణిస్తే పీఎస్‌ఐ. కొత్త రిమ్‌లు వేసి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లారనిచ్చి 20 బోల్టులకీ మళ్లీ 110 పట్టండి. ఏదైనా పావు చుట్టు కంటే ఎక్కువ తిరిగితే దాన్ని విప్పి సీటు చూడండి, ఊరికే బిగించి వదిలేయకండి.